వీధినాటకమున హాస్యగాఁడు: పుంగనూరు సీమలో సంఘపు మార్పు

మన వీధినాటకములను గుఱించి వ్రాయు విమర్శకులు తఱుచుగా రెండు పనులు చేయుదురు. దరువులను, ద్విపదలను, కందార్థములను ఏఱి వాని లక్షణమును నిర్ణయింతురు; కథ పురాణమూలమునకు ఎంత దూరము తొలఁగినదో చూపుదురు. రెండును కావలసిన పనులే. కాని ప్రదర్శనమున గొప్పభాగమును ఆక్రమించు హాస్యమును మాత్రము ఒక్క పంక్తితో సరిపుచ్చుట ఆచారమైపోయినది. ఇందుకుఁ గారణము లేకపోలేదు. హాస్యగాని ప్రసంగము తాటాకున వ్రాయఁబడలేదు. అచ్చుపొత్తములలో నున్నను ఉండవలసినంత లేదు. వాఁడు ఆ రాత్రి ఆ యూర పుట్టించి పలికిన మాట ఆ రాత్రితోనే పోవును. పైఁగా అందుఁ గొంత అసభ్యము. పరిష్కర్త పనికిఁ గూర్చుండునప్పటికి ఆయన చేతికందునవి పద్యములును పాటలును మాత్రమే.

చేతికందని ఆ భాగముననే సంఘపు మార్పు ఎక్కువగాఁ గనఁబడునని నా యభిప్రాయము. అయితే "హాస్యము సంఘమునకు అద్దము" అను మాటను నేను ఉన్నదున్నట్లు ఒప్పుకొనఁజాలను. అద్దము ఎదుట నున్నదానిని అప్పుడే చూపును. హాస్యమున రెండు పొర లున్నవి. హాస్యపాత్ర మెల్లగా మాఱును. హాస్యపు మాట వెంటనే మాఱును. పాత్రను చూచి కాలమును నిర్ణయించినవాఁడు నూఱేండ్లు వెనుకఁబడును. మాటను విడిచినవానికి ఆ మార్పే తెలియదు. ఈ భేదమును పుంగనూరు సీమ ప్రదర్శనములను ఆధారముగఁ గొని చూపుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

పుంగనూరు, మదనపల్లె, కుప్పము అను మూఁడు పట్టణములచుట్టు నున్న నేలను నేనిందుఁ బుంగనూరు సీమ యనుచున్నాను. పాలనలో నివి యెల్లకాలము ఒక్కటిగ నున్నవి కావు. పుంగనూరు జమీను ఉత్తరార్కాటులోను, మదనపల్లె కడపలోను ఉండెడివి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఒక్కచోటఁ జేరినవి. కుప్పము కంగుంది జమీనులోనిది. పడమట కోలారు కన్నడము, దక్షిణమున తమిళము, నడుమ తెలుఁగు, పట్టణములలో ఉర్దూ. ఇచ్చటి నటునకు ఏకభాషాప్రేక్షకులు దొరకుట యరుదు. హాస్యమును గుఱించి చెప్పునప్పుడు ఈ సంగతిని మఱవరాదు. ఏలయనఁగా పద్యము అర్థము కాకున్నను రాగమునకుఁ గూర్చుందురు, హాస్యము అర్థము కాకున్న లేచి పోవుదురు.

ద్రౌపదీధర్మరాజుల గుడులున్న గ్రామములలో భారతోత్సవము జరుగుట ఈ ప్రాంతపు విశేషము. సాధారణముగఁ బదునెనిమిది దినములు. ఊరి శక్తినిబట్టి హెచ్చుతగ్గు లుండును. పగలు భారతము హరికథ, రాత్రి నాటకము. కొన్ని ఘట్టములు రంగస్థలమును వీడి యూరిలోనికి వచ్చును. బకాసురవధనాఁడు భీముఁడు అన్నపుబండి నెక్కి వీధులు తిరుగును. అర్జునుని తపస్సునాఁడు వేషధారి ఎత్తైన మ్రానునెక్కి పద్యములు పాడుచుండఁగా సంతానము కోరిన స్త్రీలు క్రింద వేచియుండి అతఁడు విసరిన ఫలములకై కొంగులు పట్టుదురు. తుదినాఁడు నేలపై మట్టితోఁ దీర్చిన దుర్యోధనుని మహాకాయమునొద్ద గదాయుద్ధము, సాయంకాలము అగ్నిగుండము. ఇంతటి భక్తికార్యము నడుమ, ఉపవాసముండి వేషము కట్టినవారి ప్రక్కనే, హాస్యగాఁడు నిలిచి రాజులను ఆటపట్టించుచుండును. అందుకు ఎవ్వరును తప్పుపట్టరు.

వాని పని చూచినవారెఱుఁగుదురు. ఇద్దఱు తెర పట్టుకొందురు. తెరవెనుక రాజు దరువు పాడును. హాస్యగాఁడు ముందుకు వచ్చి నీ వెవ్వఁడవు, ఏ యూరివాఁడవు, ఏమి పనిమీఁద వచ్చితివని యడుగును. రాజు గ్రాంథికమున తన వంశమును, బిరుదములను చెప్పుకొనును. హాస్యగాఁడు ఆ మాటలను తన యూరి భాషలోనికి దించును. ఆ దించుటలోనే నవ్వు పుట్టును. పదునొకం డక్షౌహిణుల సేన కలదని రాజు పలికినచో, అంతమందికి బియ్యమెక్కడివి, ఏ కొట్టున అరువు పెట్టితివి అనుట ఈ ప్రశ్నల తీరు. తమిళసీమలో వీనికిఁ గట్టియకారన్ అని పేరు. అనఁగా రాజు రాకను బిరుదావళితోఁ జాటువాఁడు. కుప్పము వైపున ఆ పేరును వినఁబడును. తెలుఁగువారు హాస్యగాఁడనియు, ఇటీవలివారు బఫూననియు వ్యవహరింతురు. చాటింపువాఁడే పరిహాసకుఁ డగుట గమనింపఁదగినది. రాజుగారి గొప్ప చెప్పుటకు జీతము తినువాఁడే ఆ గొప్పను పరీక్షకుఁ బెట్టుచున్నాఁడు.

భాషలో నీ యెత్తుపల్లములు మనకుఁ గ్రొత్త కావు. సంస్కృతనాటకమున రాజు సంస్కృతము పలుక విదూషకుఁడు ప్రాకృతము పలుకును. మన సీమకుఁ బొరుగైన కాంచీపురమున ఏడవ శతాబ్దమునందు మహేంద్రవర్మ పల్లవుఁడు రచించిన మత్తవిలాసము కాపాలికుని, శాక్యభిక్షువును ఒక్క కపాలముకొఱకుఁ దగవులాడించి నవ్వించినది. మతములు మాఱుచున్న కాలపు రచన యది.

చీనాదేశపు ప్రాంతీయనాటకములలోను ఇదే ధర్మము కలదు. అక్కడ హాస్యవేషమునకు 'చౌ' అని పేరు. ముక్కుమీఁద తెల్లని ముద్ర పూసికొనును. ఉదాత్తపాత్రలు దీర్ఘస్వరములతో పలుకుచుండఁగా చౌ మాత్రము ఆ యా సీమల వాడుక మాటలు పలుకును. అప్పటికప్పుడు మాటలు కల్పించుకొను స్వాతంత్ర్యము వానికున్నది. సిచువాన్ సీమ నాటకమున నీ వేషమునకు విశేషప్రసిద్ధి. అందు అధికారి దుస్తులు ధరించిన హాస్యగాఁడొక ప్రత్యేకశాఖ. టాంగ్ వంశపు ష్వాన్‌జాంగ్ చక్రవర్తి స్వయముగ ఈ వేషము కట్టెనని నటుల యైతిహ్యము. అది చరిత్రమగునో కాదో యట్లుండె. హాస్యగానికి ఇచ్చిన చనువునకు రాజముద్ర కావలెనని నటులు తలఁచిరనుట మాత్రము స్పష్టము.

ఇఁక మొదట చెప్పిన రెండు పొరలలోఁ బాత్రను చూతము. గొల్లకలాపమున చల్ల లమ్మఁబోవు గొల్లభామ నడ్డగించి సుంకమడుగు సుంకరి కొండఁడు మన హాస్యపాత్రలలోఁ బేరెన్నిక గన్నవాఁడు. దారులలోఁ గావలి కూర్చుండి సరకుపై సుంకము వసూలుచేయు పద్ధతిని చెన్నపురి రాజధానిలో 1844లోఁ గంపెనీవారు రద్దుచేసిరి. ఆ సుంకరిని చూచినవాఁడు నేఁడొక్కఁడును లేఁడు. ముత్తాతలును చూచి యుండరు. అయినను వాఁడు ప్రవేశించినంతనే జనము నవ్వును. ఏల? వానియందుఁ బ్రేక్షకుఁడు తనకుఁ దెలిసిన మఱియొకనిని చూచుచున్నాఁడు. సంతలో తీరువ వసూలుచేయువాఁడు కావచ్చును. రెండు రాష్ట్రముల సరిహద్దుననున్న కుప్పము వారికి, 2017లో వస్తుసేవాపన్నుతో ఎత్తివేయఁబడువఱకు, వాణిజ్యపన్నుల తనిఖీచోటులలో బండ్లు నిలిపినవాఁడును కావచ్చును. పాత్ర పాతది, దానిలోనికి వచ్చి కూర్చుండినవాఁడు క్రొత్తవాఁడు.

పాలెగాఁడు రెండవ యుదాహరణము. తిరుపతి గంగజాతర కథలోఁ బాలెగాఁడు స్త్రీలను చెఱచు దుర్మార్గుఁడు. గంగమ్మ వేషములు మార్చి వానిని వెదకి, దొరవేషమున పట్టి వధించినదని చెప్పుదురు. జాతరదినములలో భక్తులును బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషములు వరుసగాఁ గట్టుదురు. పురుషులు స్త్రీవేషము ధరింతురు. వేషములో నున్నవాఁడు బూతులాడినను ఎవ్వరును కోపింపరు. పంతొమ్మిదవ శతాబ్దారంభమునఁ గంపెనీవారు చిత్తూరు పాలెగాండ్రలోఁ బలువురి నడఁచిరి. కొందఱు జమీందారులై నిలిచిరి. పుంగనూరువా రట్లు నిలిచినవారు. చిత్రమేమనఁగా, తిరుపతిలో పాలెగాఁడు ఏఁటేఁట హతుఁడగుచుండఁగా, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర పూర్వపు జమీందారుల కుటుంబముతోనే ముడివడియున్నది. ఒకే దేవత, ఇరుగుపొరుగు ఊళ్ళు. ఒకచోట పాలెగాఁడు చంపఁబడువాఁడు, మఱియొకచోట పండుగ చేయించువాఁడు. జమీందారీలు 1948 నాఁటి శాసనముతోఁ బోయినవి. జాతరలు పోలేదు. కాఁబట్టి జాతరకథను చూచి ఈ సీమలో అధికారమిట్లుండెనని తేల్చి వ్రాయుట సాహసము. ఏ యూరి కథయో, ఎవరి ఖర్చున జరిగినదో ముందుగా నడుగవలెను.

మూఁడవవాఁడు కరణము. లెక్కలు తారుమారు చేయు కరణముమీఁద హాస్యము ఈ దేశమున కొల్లలు. ఆంధ్రప్రదేశ్ లో గ్రామకరణములు, మునసబులు 1984లో ఒక్క యాజ్ఞతో పోయిరి. నలువదేండ్లు దాఁటినను రంగస్థలమున కరణము చావలేదు. సుంకరి, పాలెగాఁడు, కరణము, వీరు మువ్వురును చచ్చిన యధికారములకుఁ బ్రతికియున్న వేషములు.

ఇందుండి నాకొక యూహ పుట్టుచున్నది. హాస్యగాఁడు బ్రతికియున్న అధికారిని పేరుపెట్టి నవ్వఁడు. మరునాఁడు ఉదయమున వాఁడే ఆ యూర ఇంటింటికిఁ బోయి ధాన్యమో రొక్కమో తెచ్చుకొనవలసినవాఁడు. మేళమును పిలిపించినవారు పెద్దలు. ఎదుటి వరుసఁ గూర్చుండినవారును వారే. అందుచేత ఉన్నవానిని పోయినవాని పేరుతోఁ బిలుచును. కరణము మీఁది మాట సర్పంచికిఁ దగులును. తగిలినవాఁడు లేచి యడుగలేఁడు, అడిగినచోఁ దానే యొప్పుకొన్నట్లగును. పాత్ర మెల్లగ మాఱుటకు సంప్రదాయబద్ధతయే కారణమని మన మనుకొందుము. అంతకంటె పెద్ద కారణ మీ జాగ్రత్తయని నా తలంపు.

మాట విషయము వేఱు. దానికి జాగ్రత్త యక్కఱలేదు. సంఘమున వస్తువు పుట్టిన నాఁడే మాట రంగస్థలమునకు వచ్చును. శాసనములలో రాజుల పేరులను బట్టియు, కావ్యములలోని పూర్వకవిస్తుతిని బట్టియు కాలము నిర్ణయించుట పండితుల కభ్యాసమే. హాస్యప్రసంగమునకును ఆ పద్ధతియే చెల్లును. అణాలు, దమ్మిడీలు సహజముగఁ బలుకఁబడిన ప్రసంగము 1957 ఏప్రిల్ లో నయాపైసలు రాకముందు పుట్టినదై యుండవలెను, లేదా ముసలి నటుఁడు గురువునొద్ద నేర్చినది నేర్చినట్లు పలికినదై యుండవలెను. వీసెలు, మణుగులు పోయి కిలోలు వచ్చుటయు నట్టిదే. చౌకధరల దుకాణము, గొట్టపుబావి, పంచాయతీ యెన్నిక, చేతిఫోను: ఒక్కొక్కమాట యొక్కొక్క పై హద్దు. మదనపల్లె టమాటా సంత పెద్దదని యెల్లరెఱుఁగుదురు. 2023 జూలైలో అక్కడ కిలో ధర నూఱు రూపాయలను మించి పోయెను. ఆ ధరను చెప్పి భీముని బండిలో టమాటా లేదేమని యడిగిన హాస్యము దొరకినచో అది ఆ వేసవికి ముందుది కానేరదు. నవ్వులాటగాఁ జెప్పుచున్నానని తలఁపవలదు. తాళపత్రమున లిపిభేదమును పట్టి వందయేండ్ల లోపలఁ గాలము తేల్చుటకు మనము శ్రమపడుచుండఁగా, హాస్యగాని మాట ఒక్క సంవత్సరములోఁ దేల్చి యిచ్చుచున్నది.

కాని ఈ సాక్ష్యము దొరకవలెనన్న మాట వ్రాయఁబడి యుండవలెను. వ్రాఁత హాస్యముతోఁ బోల్చి చూచిన నీ కొఱత తెలియును. వీరేశలింగము పంతులుగారు ముదుసలి పెండ్లిని పరిహసించుచు బ్రహ్మవివాహమును, న్యాయవాదులను పరిహసించుచు వ్యవహారధర్మబోధినిని వ్రాసిరి. అందు హాస్యము దిద్దుటకు వచ్చినది. ఎవరిని దిద్దవలెనో రచయితకు ముందే తెలియును. గురుజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ఆడఁబడి, 1897లో అచ్చై, 1909లో విస్తారముగ మార్చఁబడి తిరిగి అచ్చైనది. రెండు ముద్రణములను ప్రక్కప్రక్క నుంచి చదివినవానికి పండ్రెండేండ్లలో నాటకపు మాట ఎంత మాఱినదో వ్రేలు పెట్టి చూపవచ్చును. గిరీశము ఆంగ్లమును తెలుఁగునఁ గలిపి పలికి శిష్యుని ముందు గొప్పపడుటకును, మన హాస్యగాఁడు వచ్చీరాని ఆంగ్లముతో రాజును సంబోధించుటకును మూల మొక్కటే: క్రొత్త యధికారము క్రొత్త భాషలో వచ్చినది, ఆ భాషను విఱిచి పలికినచో అధికారము కొంచెము చిన్నదగును. భేదమేమనఁగా, గిరీశము మాటలు మనకు నిలిచినవి. అదే కాలమున కుప్పము చుట్టుప్రక్కల వేదికలమీఁద పలుకఁబడినవి నిలువలేదు. ప్రతిభలో భేదముండుట నిజమే. కాని నిలుచుటకును నిలువకుండుటకును కారణము ప్రతిభ యొక్కటే కాదు, కాగితము.

ప్రభుత్వమువారికిని ఈ భేదము తెలియును. 1876 నాఁటి నాటకప్రదర్శన శాసనము రాజద్రోహకరములు, నీతిబాహ్యములు అని తోఁచిన నాటకములను నిషేధించు నధికారమును ప్రభుత్వమున కిచ్చినది. పుస్తకము కల నాటకమును నిషేధించుట సులభము. పుస్తకములేని ప్రసంగమును ఏమని నిషేధింతురు? వ్రాఁతలేమి పరిశోధకునకు నష్టము; హాస్యగానికి రక్ష. ఈ చిక్కును నేను దాఁచఁబోను. అన్నిటిని వ్రాసిపెట్టుదమని మనమన్నప్పుడు వానికి ఆ రక్షను తీసివేయుచున్నామని యెఱుఁగవలెను. అందువలన ఊరి పేరును కాలమును వ్రాసి, నటుని పేరును అతని యనుమతి లేనిదే వ్రాయకుండుట మేలు.

ఇటీవలి యొక యుదంతము ఈ వ్రాఁతలేమి నటునకును సంపూర్ణరక్ష కాదని తెలుపుచున్నది. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకు వ్రాసిన చింతామణి నూఱేండ్లుగా ఆంధ్రదేశపు జాతరలలో ఆడఁబడుచున్న నాటకము. అందలి సుబ్బిశెట్టి హాస్యపాత్ర. ఊరూర నటులు ఆ పాత్రకుఁ దోఁచిన మాటలు చేర్చుచు వచ్చిరి. మాటలు పెరిగి మోటయ్యెను. ఆ పాత్ర తమ్ము నవమానించుచున్నదని వైశ్యసంఘములవారు మొఱపెట్టఁగా 2022 జనవరిలో రాష్ట్రప్రభుత్వము నాటకమునే నిషేధించెను. వివాదము న్యాయస్థానమునకుఁ బోయెను. నిషేధమును నేను సమర్థింపను. అవమానింపఁబడితిమన్నవారి నొప్పిని తేలిక చేయను. నాకుఁ గష్టము కలిగించిన సంగతి వేఱు. కవి వ్రాసినది ఎంత, నటులు చేర్చినది ఎంత, ఏ జిల్లాలో ఎప్పుడు చేరినది అను ప్రశ్నలకుఁ బ్రమాణముగాఁ జూపుటకు కాలముతోఁ గూడిన ప్రదర్శనపాఠములు ఆ నాఁడు మనయొద్ద నుండవలసినవి. ఉన్నచోఁ గవి గ్రంథమునకుఁ గలిగిన నింద కొంత తప్పియుండెడిది. నింద తగినచోటికే పోయియుండెడిది. పాత్రకు వేసిన శిక్ష నిజమున మాటలకు వేయవలసినది.

పాత్రను, మాటను విడఁదీయకుండుటవలని కష్టమును చీనావారును అనుభవించిరి. 1951లో వారి ప్రభుత్వము పూర్వనాటకముల సంస్కారమునకు ఆదేశ మిచ్చినది. వ్రాఁతలేక కథాసూచనమాత్రముతో నాడు పద్ధతి పోయి, మాటలు వ్రాసి స్థిరపఱచు పద్ధతి బలపడెను. దీనివలన వచ్చిన మంచి ఫలము 1956లో జెజియాంగ్ మేళమువారు ఆడిన 'పదునైదు మాడల సరములు' అను కున్‌చు నాటకము. ప్రాఁతకథ, అందు హంతకుఁడు 'ఎలుక' యను పేరుగల జూదరి, హాస్యవేషము. సత్యము వెదకు అధికారి సోదెకాని వేషము కట్టి వానిచేత గుట్టు విప్పించు ఘట్టము సుప్రసిద్ధము. పాత్రలు పూర్వపువే. విచారింపకయే శిక్ష వ్రాయు న్యాయాధికారిమీఁదను, నియమములు చూపి పని దాఁటవేయు పై యధికారిమీఁదను వేసిన చురకలు మాత్రము 1956 నాఁటి కార్యాలయములకుఁ దగిలినవి. ఆ నాఁటి ప్రధానియు దానిని ప్రశంసించెను. అయినను ఈ పద్ధతి చెడు ఫలమును ఇచ్చినది: స్థిరపఱచిన మాట మరునాఁటి మార్పునకు అందదు. తరువాత పదేండ్లకు వచ్చిన సాంస్కృతికవిప్లవమున పూర్వనాటకములే వేదికనుండి తొలఁగింపఁబడినవి. వ్రాయుట మంచిదే, వ్రాసినదే పలుకుమనుట మంచిది కాదు. మన పని మొదటిది.

హాస్యగాని మాట వెంటనే మాఱునంటిని. అన్నిటియందు మాఱదు. స్త్రీల విషయమున వాఁడు చాల మందగమనుఁడు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాఁడును బంగారక్కయు పడు కీచులాటలు, కొట్లాటలు, సరసములు చూచువారికిఁ జిరపరిచితములు. రామరావణుల నడుమ ఆ చిన్నబొమ్మలు వచ్చి పోట్లాడి పోవును. వారి మాటలలో నాణెములు మాఱినవి, బండ్లు మాఱినవి. బంగారక్క తినుదెబ్బలు మాఱలేదు. దీనిని సంఘపు స్థితికి ఋజువుగఁ గొనవలెనా, సంప్రదాయపు మొండితనముగఁ గొనవలెనా? రెండవదియే యని నే ననుకొందును. అందుకు నిదర్శన మాయింటివారే. 1885లో కడపసీమ సురభి గ్రామమున కీచకవధ నాడి నాటకసమాజమును స్థాపించిన వనారస గోవిందరావుగారి వంశమువారు పూర్వము తోలుబొమ్మలాడించినవారు. ఆ సమాజమున స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. పిల్లలు మొదలు వృద్ధులవఱకు ఒక్క కుటుంబముగ బ్రతికిరి. మేళము నడుపుటలో అంతటి మార్పును తెచ్చిన కులమునందే, తెరమీఁద బంగారక్క వెనుకటివలెనే దెబ్బలు తినుచుండెను. కావున హాస్యమున మార్పు కనఁబడనంతమాత్రమున సంఘమున మార్పు రాలేదనరాదు. కులనిందలను గుఱించియు నిట్లే చెప్పవలసియున్నది. అవి యిప్పుడు కొన్నిచోట్ల తగ్గినవి, భయముచేతనో మర్యాదచేతనో యని విడఁదీయుట కష్టము.

ఇట్టి భాగములను అచ్చున దిద్దవలెనని కొందఱు పెద్దలు సెలవిత్తురు. బడిపిల్లల పుస్తకమున దిద్దవచ్చును. పరిశోధనపత్రికలో దిద్దరాదు. నన్నయ భారతమున ఒక ప్రతిలో లేని పద్యమును తీసివేయుటకు పది ప్రతులు చూచు మనము, హాస్యగాని వాక్యమును ఏ ప్రతియు చూడకయే తీసివేయుట న్యాయము కాదు.

వ్రాసికొనుటలో నొక్క చిక్కు ఈ సీమకు ప్రత్యేకము. కుప్పము వైపు హాస్యగాఁడు తెలుఁగున ప్రశ్న యడిగి, తమిళమున విసిగి, కన్నడమున సామెత చెప్పి, ఉర్దూలో తిట్టును. నాలుగింటిని ఒక్క శ్వాసలోఁ బలుకును. ప్రేక్షకులు నాలుగు చోట్లను నవ్వుదురు. దీనిని తెలుఁగు లిపిలో వ్రాసినచో తమిళపు ఴకారమునకు గుర్తు కావలెను. ఉర్దూ ఖకారము, ఫకారము మన యక్షరములలో మాఱిపోవును. నాలుగు లిపులలో వ్రాసినచో చదువువాఁడుండఁడు. ధ్వనిముద్రణము చేసి యుంచి, పాఠమును మాత్రము తెలుఁగు లిపిలో, భాష మాఱినచోటెల్ల ప్రక్కన గుర్తుతో వ్రాయుట నాకుఁ దోఁచిన మార్గము. 1997లో కుప్పమున స్థాపింపఁబడిన ద్రావిడవిశ్వవిద్యాలయము ఈ నాలుగింటిలో మూఁడు భాషల కూడలిలోనే యున్నది. అందలి విద్యార్థులు చుట్టుప్రక్కల నూళ్ళవారే. రాఁబోవు వేసవి యుత్సవములలో పదునెనిమిది రాత్రులును ఒక్క మేళమును వెంబడించి, పద్యములను విడిచి హాస్యమును మాత్రము, ఊరు, తేది, గంటలతో వ్రాసికొను పనికి ఇద్దఱు చాలుదురు.